దారి చూపే ఫోనే... జరిమానా తెస్తుంది!

విజయవాడ నుంచి హైదరాబాద్‌కి కారులో బయల్దేరితే ఇప్పుడు దారి అడిగేవాళ్లెవరూ లేరు. టీకొట్టు దగ్గర ఆపి 'బాబూ, ఇటు ఎటెళ్తుంది?' అనే రోజులు పోయాయి. ఒక చేత్తో స్టీరింగు, రెండో చేతిలో ఫోను. 'నాలుగొందల మీటర్ల తర్వాత ఎడమవైపు తిరగండి' అని అందులోంచి గొంతు చెబుతుంటే బండి సాగిపోతుంటుంది.

ఈ అలవాటు మనతోపాటే విమానం ఎక్కుతుంది. కొడుకు దగ్గరికని డాలస్ వెళ్లిన నాన్న, ఎమ్మెస్‌కని సిడ్నీ చేరిన అమ్మాయి, పదిరోజుల యూరప్ యాత్రకు కారు అద్దెకు తీసుకున్న కొత్త జంట... అందరూ అక్కడా చేసేది ఇదే. కొత్త ఊరు కాబట్టి ఫోను అవసరం ఇంకా ఎక్కువ. సరిగ్గా అక్కడే చిక్కొచ్చిపడుతుంది. డ్రైవింగులో ఫోను మాట్లాడకూడదన్న సంగతి అందరికీ తెలుసు. 'మాట్లాడట్లేదుగా, మ్యాపు చూస్తే తప్పేంటి?' అన్నదే ప్రశ్న. చాలా దేశాల్లో దానికి జవాబు ఒక్కటే... తప్పే!

కాలిఫోర్నియా కథ

ఈ ప్రశ్న మీద కాలిఫోర్నియాలో పెద్ద పంచాయితీయే జరిగింది. 2012లో ఫ్రెస్నో నగరంలో ఒకాయన ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాడు. ముందు బండ్లు కదలట్లేదు. వేరే దారేమైనా ఉందేమోనని ఫోను చేతిలోకి తీసుకుని మ్యాపు చూశాడు. పక్కనే మోటారు సైకిలు మీదున్న పోలీసు అధికారి అది చూసి టికెట్ రాసిచ్చాడు. జరిమానా 165 డాలర్లు. 'నేను మాట్లాడలేదు, దారి చూసుకున్నానంతే' అని ఆయన కోర్టుకెక్కాడు. కింది కోర్టులో ఓడినా పట్టు వదల్లేదు. 2014లో అప్పీలు కోర్టు ఆయన పక్షానే తీర్పు చెప్పింది. అప్పటి చట్టం చేత్తో ఫోను పట్టుకుని మాట్లాడటాన్నే నిషేధించిందనీ, మ్యాపు చూడటం దాని కిందికి రాదనీ తేల్చింది.

కథ అక్కడితో అయిపోలేదు. తీర్పు వచ్చాక శాసనసభ ఊరుకోలేదు. చట్టాన్నే మార్చేసింది. 2017 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో బండి నడుపుతూ ఫోను చేత్తో పట్టుకుని వాడటమే నేరమైంది. మాట్లాడినా, మ్యాపు చూసినా, పాట మార్చినా ఒకటే. ఫోను స్టాండులో బిగించి ఉండాలి. దాన్ని ముట్టుకోవాల్సి వస్తే వేలితో ఒక్కసారి తట్టడమో, ఒక్కసారి జరపడమో... అంతవరకే.

'పట్టుకున్నాను గానీ వాడలేదు. ఊరికే చూశాను' అనొచ్చా? ఆ వాదనా అయిపోయింది. మన తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉండే శాన్‌హోసే, సన్నీవేల్, కూపర్టినో నగరాలున్న శాంటా క్లారా కౌంటీలోనే ఒక డ్రైవరు ఇలాగే వాదించాడు. 2025 జూన్‌లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. చేతిలో ఫోను పెట్టుకుని తెర మీద మ్యాపు చూడటం కూడా 'వాడటమే' అని స్పష్టంగా చెప్పింది.

స్టాండు ఎక్కడ పెట్టాలన్నదానికీ అక్కడ లెక్కుంది. ముందు అద్దానికి బిగించే జీపీఎస్ పరికరమైతే డ్రైవరు వైపు కింది మూలలో అయిదు అంగుళాల చదరంలోగానీ, పక్క సీటు వైపు కింది మూలలో ఏడు అంగుళాల చదరంలోగానీ ఉండాలి. అద్దం మధ్యలో అతికించేస్తామంటే కుదరదు.

రాష్ట్రం దాటితే రూలు మారుతుంది

అమెరికాలో ఇంకో చిక్కుంది. దేశమంతటికీ ఒకే చట్టం లేదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. సగానికి పైగా రాష్ట్రాలు చేత్తో ఫోను పట్టుకోవడాన్ని నిషేధించాయి. జార్జియాలో 2018 జులై నుంచి, వర్జీనియాలో 2021 జనవరి నుంచి ఈ నిబంధన ఉంది. వాషింగ్టన్ రాష్ట్రమైతే 2017లో తెచ్చిన చట్టంలో ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, ఎర్రలైటు దగ్గర నిలబడినప్పుడు కూడా ఫోను పట్టుకోకూడదంది.

టెక్సస్ తీరు వేరు. అక్కడ 2017 సెప్టెంబరు నుంచి రాష్ట్రమంతటా డ్రైవింగులో మెసేజ్‌లు చదవడం, పంపడం నిషేధం. దారి చూసుకోవడానికి ఫోను వాడటాన్ని మాత్రం ఆ చట్టమే మినహాయించింది. హమ్మయ్య అనుకునేలోపే మరో మెలిక. ఆస్టిన్, శాన్ ఆంటోనియో లాంటి నగరాలు సొంతంగా నిబంధనలు పెట్టుకున్నాయి. ఆ ఊరి పొలిమేర దాటి లోపలికి వెళ్తే ఫోను చేతిలో ఉండకూడదు. అంటే ఒకే రాష్ట్రంలో, ఒకే ప్రయాణంలో రెండు రూళ్లన్నమాట. అందుకే అక్కడ ఏళ్లతరబడి ఉంటున్నవాళ్లు చెప్పే మాట ఒకటే... ఏ ఊరి చట్టం ఎలా ఉన్నా ఫోను స్టాండులో పెట్టేస్తే గొడవ ఉండదు.

ఆరు పాయింట్లతో లైసెన్సే పోతుంది

బ్రిటన్‌లో చేతిలో ఫోను పట్టుకుని నడపడం 2003 డిసెంబరు 1 నుంచే నేరం. 2017 మార్చి నుంచి శిక్ష రెట్టింపైంది. 200 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద ఆరు పాయింట్లు. కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లు మొదటి రెండేళ్లలో ఆరు పాయింట్లు తెచ్చుకుంటే లైసెన్సు రద్దయిపోతుంది. మళ్లీ మొదటి నుంచీ పరీక్షలు రాసుకోవాల్సిందే. చదువుకోవడానికి వెళ్లి అక్కడ కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. ఒక్కసారి ఫోను పట్టుకున్నందుకు నెలల కష్టం నీళ్లపాలవుతుంది.

ఇక్కడా కాలిఫోర్నియా లాంటి కథే నడిచింది. రోడ్డు ప్రమాదాన్ని ఫోనులో వీడియో తీస్తూ నడిపిన ఒక డ్రైవరు కేసులో, పాత చట్టం ఫోను ద్వారా సంభాషించడానికే వర్తిస్తుందని 2019లో హైకోర్టు చెప్పింది. ఆ కంతను పూడుస్తూ 2022 మార్చి 25 నుంచి ప్రభుత్వం నిబంధనల్ని మార్చింది. ఇప్పుడు ఫొటో తీసినా, పాటల జాబితా తిరగేసినా, ఆట ఆడినా, మ్యాపు చూసినా... చేతిలో ఉంటే చాలు, నేరమే. ఎర్రలైటు దగ్గర ఆగినా, ట్రాఫిక్‌లో నిలిచిపోయినా మినహాయింపు లేదు. ప్రాణాపాయం వచ్చి ఆపే వీలులేనప్పుడు 999కో, 112కో ఫోను చేయొచ్చు. బండి ఆగి ఉన్నప్పుడు కౌంటరు దగ్గర ఫోనుతో డబ్బు చెల్లించొచ్చు. అంతే.

స్టాండులో పెట్టిన ఫోను, కారులోని జీపీఎస్ వాడుకోవచ్చు. అయితే అది రోడ్డు కనపడకుండా అడ్డురాకూడదు. ఇంకో సంగతి... పిల్లలకు డ్రైవింగు నేర్పిస్తూ పక్కన కూర్చునే నాన్నకూ ఇదే చట్టం వర్తిస్తుంది. స్టీరింగు ముందు ఉన్నది అబ్బాయే కదా అని నాన్న ఫోను చేతిలోకి తీసుకుని దారి చూస్తే ఆయన మీదా కేసు పడొచ్చు.

ఇంజిను ఆగితే సరిపోదు

జర్మనీ వాళ్ల చట్టంలో సందులు వెతకడం కష్టం. 2017 అక్టోబరులో సవరించిన నిబంధన ప్రకారం నడిపేటప్పుడు ఫోనుగానీ, ట్యాబ్‌గానీ, విడిగా కొనుక్కున్న నావిగేషన్ పరికరంగానీ చేతిలోకి తీసుకోకూడదు. బిగించి ఉన్న పరికరాన్ని కూడా అలా ఓసారి చూసి కళ్లు తిప్పుకోవాలి. చేతిలో పట్టుకుంటే 100 యూరోలు, ఒక పాయింటు. దానివల్ల ఎవరికైనా ప్రమాదం ఏర్పడితే 150 యూరోలు కట్టడమే కాదు, నెలపాటు డ్రైవింగు బంద్.

సిగ్నల్ దగ్గర కొత్తకార్లలో ఇంజిను దానంతటదే ఆగిపోతుంది కదా, అప్పుడు ఫోను తీయొచ్చా? ఈ తెలివితేటలు కూడా వాళ్లు ముందే ఊహించారు. తానుగా ఆగిన ఇంజిను ఆగినట్టు లెక్కలోకి రాదని చట్టంలోనే రాసేశారు. కారులో కంపెనీవాళ్లే బిగించిన తెరకూ ఈ చట్టం వర్తిస్తుంది. వర్షంలో వైపర్ల వేగం మార్చడానికి తెర మీద కిందామీదా పడుతూ రోడ్డు దిగిపోయి చెట్లకు గుద్దుకున్న డ్రైవరు కేసులో 2020లో కార్ల్స్‌రూహె కోర్టు ఆ సంగతే చెప్పింది. ఆయనకు 200 యూరోల జరిమానా, నెలపాటు నిషేధం పడ్డాయి.

ఫ్రాన్స్‌లో చేతిలో ఫోను ఉంటే 135 యూరోలు, లైసెన్సు నుంచి మూడు పాయింట్లు పోతాయి. రోడ్డు పక్కకు తీసి, లైట్లు వెలిగించి, ఇంజిను ఆపి ఫోను చూసినా వదల్లేదు. అలా ఆగడం పార్కింగు కిందికి రాదని 2018లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. కాబట్టి దారి తప్పితే రోడ్డు పక్కన ఆగడం కాదు, పార్కింగు స్థలం చూసుకుని అక్కడ ఆపాలి. 2015 జులై 1 నుంచి చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడపడం కూడా అక్కడ నేరమే. జీపీఎస్ మాటలు వినడానికైనా సరే. కారు స్పీకర్లలో వినాలి.

స్పెయిన్‌లో నడుపుతూ నావిగేషన్ పరికరంలో ఊరిపేరు టైపు చేస్తే 200 యూరోలు, మూడు పాయింట్లు. చేతిలో ఫోనైతే 2022 మార్చి నుంచి ఆరు పాయింట్లు.

కెమెరా ఉందని చెబితే...

మనవాళ్లకు అసలు తట్టని విషయం ఒకటుంది. 'ముందు స్పీడ్ కెమెరా ఉంది, జాగ్రత్త' అని చాలా నావిగేషన్ పరికరాలు, యాప్‌లు హెచ్చరిస్తుంటాయి. మనకది మహా మేలు చేసినట్టు ఉంటుంది. బ్రిటన్‌లో ఆ హెచ్చరికలకు అభ్యంతరం లేదు. అదే కారులో సొరంగం రైలెక్కి ఫ్రాన్స్‌లో దిగితే మాత్రం అభ్యంతరమే. 2012 జనవరి నుంచి అక్కడ కెమెరా ఉన్న చోటును కచ్చితంగా చూపించే పరికరాలు నిషేధం. 1500 యూరోల దాకా జరిమానా, ఆరు పాయింట్లు. అందుకే ఫ్రాన్స్‌కని తయారుచేసిన పరికరాల్లో కెమెరా అని చెప్పకుండా 'ప్రమాదకర ప్రాంతం' అని పెద్ద పరిధిని చూపిస్తారు.

జర్మనీలో డ్రైవరు అలాంటి హెచ్చరికను వాడుకుంటే 75 యూరోలు, ఒక పాయింటు. మరి పక్కసీట్లో కూర్చున్న భార్య ఫోనులో ఆ యాప్ నడుస్తుంటే? దాని సాయం డ్రైవరు తీసుకుంటే ఆయన తప్పేనని 2023లో కార్ల్స్‌రూహె కోర్టే చెప్పింది. స్విట్జర్లాండ్ మరీ కఠినం. అక్కడ వాడటమే కాదు, అలాంటి పరికరం వెంట ఉంచుకోవడమూ నేరమే. పరికరాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. మంచుకొండలు చూద్దామని కారు తీసుకుని వెళ్లేవాళ్లు సరిహద్దు దాటకముందే ఆ సదుపాయాన్ని తీసేయడం మంచిది.

అమెరికాలో వర్జీనియా, వాషింగ్టన్ డీసీల్లో రాడార్ డిటెక్టర్ల మీద నిషేధముంది. పక్క రాష్ట్రం నుంచి వచ్చే కారైనా మినహాయింపు లేదు.

కొత్త లైసెన్సు... కొత్త కష్టం

ఆస్ట్రేలియాలో మన పిల్లలు ఎక్కువగా ఉండే సిడ్నీ సంగతి చూద్దాం. ఆ నగరమున్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో పూర్తిస్థాయి లైసెన్సు ఉన్నవాళ్లు ఫోనును స్టాండులో పెట్టి దారి చూసుకోవచ్చు. ఎల్ బోర్డు వాళ్లకు, పీ ప్లేటు వాళ్లకు ఆ వీలు కూడా లేదు. స్టాండులో ఉన్నా సరే, వాళ్లు నడిపేటప్పుడు ఫోను వాడనేకూడదు. జీపీఎస్‌కైనా, బ్లూటూత్‌కైనా అంతే.

ఫోను నేరానికి అయిదు డీమెరిట్ పాయింట్లు. మొదటి దశ పీ ప్లేటు లైసెన్సుకు నాలుగు పాయింట్లు వస్తే చాలు, సస్పెండవుతుంది. అంటే తొలి తప్పుకే బండి ఇంట్లో పెట్టాల్సిందే. పగలు కాలేజీ, సాయంత్రం కారుతోనే ముడిపడిన పార్ట్‌టైమ్ ఉద్యోగం చేసుకునే కుర్రాడికి అది జరిమానా కన్నా పెద్ద దెబ్బ.

పోలీసు చూడలేదుగా అనుకోవడానికీ లేదు. ఆ రాష్ట్రంలో ఫోను పట్టుకున్నవాళ్లను పైనుంచి ఫొటో తీసే కెమెరాలు 2019 డిసెంబరులో మొదలయ్యాయి. 2020 మార్చి నుంచి వాటితో జరిమానాలు వేస్తున్నారు. ఫోను ఒళ్లో పెట్టుకున్నా అవి పట్టేస్తాయి. ఒళ్లో పెట్టుకోవడమూ అక్కడ నేరమే.

గల్ఫ్‌లో డ్రైవర్లుగా పనిచేసే మనవాళ్ల బతుకంతా స్టీరింగు మీదే. యూఏఈలో ఫోను చేతిలో ఉంటే 800 దిర్హాములు, నాలుగు బ్లాక్ పాయింట్లు. నెల జీతంలోంచి ఇంటికి పంపాల్సిన డబ్బులోంచే అవి పోతాయి. సింగపూర్‌లో 2015 ఫిబ్రవరి నుంచి ఫోనే కాదు, ట్యాబ్ పట్టుకుని వాడుతూ నడిపినా నేరమే.

'జీపీఎస్ చెప్పింది సార్!'

పరికరం తప్పుదారి చూపిస్తే బాధ్యత ఎవరిది? 2009లో ఇంగ్లండ్‌లోని వెస్ట్ యార్క్‌షైర్‌లో ఒక డ్రైవరు జీపీఎస్ చెప్పినట్టే వెళ్తూ కొండమీది సన్నటి బాటలోకి ఎక్కించేశాడు. దారి ఇరుకవుతున్నా, ఏటవాలు పెరుగుతున్నా ఆగలేదు. చివరికి కారు కంచెకు తగిలి కొండ అంచున ఆగింది. లేకపోతే లోయలోకే. 'అది రోడ్డేనని పరికరం చెబుతూనే ఉంది' అన్నాడాయన. కోర్టు ఒప్పుకోలేదు. అజాగ్రత్తగా నడిపినందుకు దోషిగా తేల్చి జరిమానా వేసింది.

వన్‌వేలోకి దూరినా, బస్సుల లేనులోకి వెళ్లినా అంతే. బోర్డు ఒకటి చెబుతుంటే ఫోను ఇంకొకటి చెబితే, గెలిచేది బోర్డే. ఏ దేశంలోనైనా నడిపేది మనిషి కాబట్టి సమాధానం చెప్పుకోవాల్సిందీ మనిషే.

మనదగ్గర ఎందుకిలా?

ఈ పొరపాటు మనవాళ్లు ఎక్కువగా చేయడానికి ఓ కారణముంది. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల సవరణ, చేతిలో ఇమిడే పరికరాన్ని కేవలం దారి తెలుసుకోవడానికి వాడుకోవచ్చంది. అదీ డ్రైవరు ఏకాగ్రత చెదరకుండా. వేరే పనికి వాడి పట్టుబడితే వెయ్యి నుంచి అయిదువేల రూపాయల దాకా జరిమానా ఉంది. ఈ మినహాయింపును చూసి, అన్ని దేశాల్లోనూ ఇంతేనేమో అనుకుంటే పొరపాటే.

అసలు ఇంత కఠినం ఎందుకు? లెక్క వేస్తే తెలుస్తుంది. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు రెండు సెకన్లలో 55 మీటర్లు దాటేస్తుంది. మ్యాపులో మలుపు ఎటో చూసేందుకు ఆ రెండు సెకన్లు కళ్లు దించితే, అంత దూరమూ కళ్లు మూసుకుని నడిపినట్టే. ఆ 55 మీటర్లలో రోడ్డు దాటే ముసలాయన ఉండొచ్చు, సైకిలు మీద బడికెళ్లే పిల్లాడు ఉండొచ్చు.

బయల్దేరే ముందు...

* ఊరిపేరు, దారి అన్నీ కారు కదలకముందే పెట్టుకోవాలి. మధ్యలో మార్చాల్సొస్తే పార్కింగు స్థలంలో ఆపి మార్చాలి.

* మంచి ఫోను స్టాండు ఒకటి సూట్‌కేసులో వేసుకోవాలి. అద్దెకారులో అది ఉంటుందన్న నమ్మకం లేదు. చూపుకి అడ్డురాని చోట బిగించాలి.

* గొంతు వినిపించేలా పెట్టుకుంటే తెర చూడాల్సిన అవసరం సగం తగ్గుతుంది. ఇయర్‌ఫోన్లు వద్దు, కారు స్పీకర్లే మేలు.

* యూరప్‌లో తిరిగేటట్టయితే స్పీడ్ కెమెరా హెచ్చరికలు ఆపేయాలి. అద్దెకారులోని నావిగేషన్‌లో ఆ సదుపాయం ఉందేమో కారు తీసుకునేటప్పుడే అడగాలి.

* కెమెరాకు దొరికితే నోటీసు అద్దె కంపెనీకి వెళ్తుంది. వాళ్లు జరిమానాతోపాటు తమ ఖర్చులూ మన కార్డులోంచి తీసుకునే అవకాశముంది. ఒప్పందంలో ఆ షరతు చదివి సంతకం పెట్టాలి.

* వెళ్లే దేశం, రాష్ట్రం రవాణా శాఖ నిబంధనల్ని ప్రయాణానికి ముందు ఒకసారి చూసుకోవాలి. ఈ చట్టాలు తరచూ మారుతున్నాయి.

అన్నిటికన్నా తేలికైన ఉపాయం ఒకటుంది. ఒకప్పుడు తీర్థయాత్రలకు వెళ్తే ముందుసీట్లో కూర్చున్న బాబాయో, మావయ్యో 'కుడికి... కుడికి' అని దారి చెబుతుండేవారు. ఆ పని మళ్లీ పక్కసీట్లో ఉన్నవాళ్లకు అప్పగిస్తే సరి. ఫోను వాళ్ల చేతిలో, స్టీరింగు మీ చేతిలో, కళ్లు రోడ్డు మీద. మలుపు ఒకటి దాటిపోయినా ఫరవాలేదు. రెండు కిలోమీటర్లు ఎక్కువ తిరగాల్సి వస్తుందేమోగానీ, ఇల్లు మాత్రం క్షేమంగా చేరుకుంటారు.